చిట్టి ఫోన్‌ని రానివ్వాలా?

ఆ వీధిలో ఎవరి చొక్కా కాలరు తిప్పి చూసినా లోపలివైపు ఓ చిన్న గుర్తు కనబడుతుంది. ఒకరికి రెండు చుక్కలు, ఒకరికి అడ్డగీత, ఇంకొకరికి కొక్కెం. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని నల్లసిరాతో లాండ్రీ అక్క వేసిన గుర్తులవి. ఆవిడకి అసలు పేరొకటి ఉంది గానీ ఆ పేరుతో పిలిచేవాళ్లెవరూ మిగల్లేదు. భర్త పోయాక ఇంటి ముందుగదిలో ఉతికే మిషన్లూ ఇస్త్రీ బల్లా వేసుకుని, ఆ ఆదాయంతోనే కూతుర్ని చదివించింది. వయసులో తనకంటే పెద్దవాళ్లు కూడా ఆవిడని అక్కా అనే పిలుస్తారు.

మనసు మంచిదే, నోరే కాస్త పెద్దది. ముఖ్యంగా గుర్తుల దగ్గర ఎవరి మాటా వినదు. ఎదురుగా ఉన్న మందుల షాపాయన ఓసారి సంచీ బల్లమీద పడేసి, "అన్నీ నావే అక్కా, గుర్తులేసి పడెయ్, నాకవతల బేరాలున్నాయి" అన్నాడు.

"చేతిలోకి తీసుకుని చూడందే నేను గుర్తు వెయ్యను. పోయినసారి ఇలాగే అన్నీ నావే అన్నావు. మీ బావమరిది చొక్కాకి నీ గుర్తు పడింది. ఆయనొచ్చి నామీద ఎగిరెగిరి పడ్డాడు."

"ఆ చొక్కా నాకే బాగా నప్పిందిలే అక్కా."

"నప్పుతుంది, నప్పుతుంది. పొట్ట దగ్గర గుండీ పెట్టుకుని చూపించు, అప్పుడు ఒప్పుకుంటాను" అని ఒక్కొక్క చొక్కా బయటికి తీసి, దులిపి, కాలరు చూసి, అప్పుడుగానీ సిరాబుడ్డి మూత తియ్యలేదు. అదీ ఆవిడ పద్ధతి. ఇంత పద్ధతి ఉన్న మనిషి ఒక్కసారి, ఒకే ఒక్కసారి, చేతికి రానిదానికి గుర్తు వేసింది. ఆ సంగతే చెప్పుకోవాలి.

ఆ ఇంటికి వైఫై వచ్చింది అల్లుడి చేతుల మీదుగానే. ఏదో కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం. మాట్లాడితే మాటకి తేనె పూసినట్టుంటుంది. పెళ్లయిన కొత్తలో తనే నిచ్చెనెక్కి వైరు లాగాడు, బాక్సు బిగించాడు, గేటు పైన కెమెరా పెట్టాడు. "మీరొక్కరే ఉంటారు కదా అత్తయ్యా, ఎవరొచ్చిందీ మీకు తెలియాలి" అన్నాడు. ఆ కెమెరా చూస్తుంది, వింటుంది, ఫోన్లోంచి మాట్లాడితే ఆ మాట గేటు దగ్గర వినిపిస్తుంది. కొట్టుకొచ్చినవాళ్లు వాడుకుంటారని పాస్‌వర్డు గోడమీద రాయించింది కూడా అతనే. అల్లుడంటే ఇలా ఉండాలి అని వీధంతా చెప్పుకుంది. లాండ్రీ అక్క పొంగిపోయింది, పొంగిపోదూ మరి!

కూతుర్ని అందరూ చిట్టి అంటారు. రక్తపరీక్షల ల్యాబులో పని. ఆ ఉద్యోగం వచ్చినప్పుడు అక్క దాన్ని వెంటబెట్టుకెళ్లి మంచి ఫోన్ కొనిచ్చింది. ఫోన్‌కి ఏం పేరు పెట్టమంటారని షాపతను అడిగితే, "ఇలా ఇవ్వండి" అని లాక్కుని, ఒక్క వేలితో తడుముకుంటూ తనే కొట్టింది: చిట్టి ఫోన్. తల్లి వేసిన గుర్తు, అనుకుని మురిసిపోయింది.

పెళ్లయిన ఏడాది లోపలే చిట్టి ఓ మధ్యాహ్నం బ్యాగుతో వచ్చింది. ఫోన్లో ప్రతి అక్షరం చదువుతాడని, ఆఫీసుకి వెళ్తూ బయట తాళం వేసుకుపోతాడని, చెయ్యి కూడా ఎత్తుతున్నాడని చెప్పింది. మర్నాడే అల్లుడు వెనకాలే వచ్చాడు. ఇస్త్రీ బల్ల పక్కన తలదించుకుని నిలబడి, ఇంకెప్పుడూ జరగదత్తయ్యా అన్నాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. లాండ్రీ అక్క కరిగిపోయింది. కూతుర్ని ఒక్క మాటైనా అడక్కుండా, దాని బట్టలు తనే మడతపెట్టి బ్యాగులో సర్ది, బ్యాగు అల్లుడి చేతికిచ్చింది. చిట్టి బ్యాగు వెనకాల నడిచి వెళ్లిపోయింది.

రెండోసారి వచ్చినప్పుడు బ్యాగు లేదు. కట్టుబట్టలతో వచ్చింది. మోచేతి పైన నల్లగా కమిలిన మచ్చ. ఫోనూ, సర్టిఫికెట్లూ, అన్నీ అక్కడే ఉండిపోయాయి. తల్లి ఈసారి ఏమీ అడగలేదు. గేటు గొళ్లెం పెట్టింది, దాన్ని లోపలి గదిలో పడుకోబెట్టింది, తలుపు దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏం లాభం, మొదటిసారి ఏడవాల్సిన ఏడుపు అది.

ఆ తర్వాత అతను ఇంట్లోకి రాలేదు. రోడ్డుకి అవతల బండి ఆపుకుని కూర్చునేవాడు. స్టేషనుకి వెళ్లి చెబితే, రోడ్డుమీద కూర్చుంటే మేమేం చేస్తామమ్మా, పైగా భర్తే కదా అన్నారు. కూర్చుంటే కూర్చున్నాడులే అని గుండె దిటవు చేసుకుంటున్న రోజుల్లో, ఓ ఉదయం చిట్టి గేటు దాకా వెళ్లింది. గేటుపైన కెమెరా మాట్లాడింది.

"ఆ నీలం రంగు నీకు బావుంటుంది చిట్టీ."

మెల్లగా, ప్రేమగా అంది. చిట్టి అక్కడే కూలబడిపోయింది. తల్లి వచ్చి లేవదీసి లోపలికి తీసుకొచ్చింది. ఆ రోజు నుంచి గుమ్మం దాటలేదు. ల్యాబువాళ్లు తల్లికి నాలుగుసార్లు ఫోన్ చేసి ఊరుకున్నారు.

కెమెరా పీకి పారేద్దామంటే చిట్టే వద్దంది. "అది లేకపోతే గేటు దగ్గర ఎవరున్నారో నాకెలా తెలుస్తుందమ్మా? నేను బయటికి రావాలంటే ముందు అందులో చూసుకోవాలి" అంది. నిజమే. కన్ను కావాలి, ఆ కంటి వెనక అతను ఉండకూడదు. ఎలా?

వీధి చివర నెట్ కనెక్షన్లు చూసే తమ్ముడొకడున్నాడు. అతన్ని పిలిపిస్తే వచ్చి చూసి, "మన వైఫైలో ఉన్న ఫోన్‌కైతే ఈ కెమెరా ఏమీ అడగదక్కా, నేరుగా తెరుచుకుంటుంది. రోడ్డవతలి దాకా సిగ్నలుంది. అక్కడ కూర్చుని చూస్తున్నాడు" అన్నాడు. పాస్‌వర్డు మార్చాడు. అక్క గోడమీది పాస్‌వర్డు మీద సున్నం కొట్టింది. కొద్దిరోజులు ప్రశాంతంగా గడిచాయి. తర్వాత కెమెరా మళ్లీ మాట్లాడింది.

ఎవరు చెప్పారంటారు? పైవాటాలో ఉండే ఆవిడ. వైఫై వాళ్లూ వాడుకుంటారు కాబట్టి కొత్త పాస్‌వర్డు వాళ్లకీ తెలుసు. అతను దారిలో కలిసి, నవ్వుతూ అడిగితే చెప్పేసింది. లాండ్రీ అక్క మెట్లెక్కి వెళ్లి ఉతికి ఆరేసింది. పాపం ఆవిడ బిక్కచచ్చిపోయి, "ఇంటి అల్లుడే కదా అనుకున్నానండీ" అంది. ఆ మాటకి అక్క మెట్లు దిగి వచ్చేసింది. తనూ అదే అనుకుంది కదా ఒకప్పుడు.

"పాస్‌వర్డు నోటినించి నోటికి పోతుందక్కా, ఎన్నిసార్లని మారుస్తాం?" అన్నాడు నెట్ తమ్ముడు. "వేరే ఏర్పాటు ఉంది. ప్రతి ఫోన్‌కీ ఒక నంబరుంటుంది. మనం ఒప్పుకున్న నంబర్లనే బాక్సు లోపలికి రానిస్తుంది. కొత్తది ఏదొచ్చినా, పాస్‌వర్డు తెలిసినా సరే, ముందు దాని పేరు చూపించి మీ ఫోన్లో అడుగుతుంది. మీరు సరే అంటేనే లోపలికి. వద్దంటే బయటే."

"అంటే కాలరు గుర్తన్నమాట."

"అంతేనక్కా. కానీ ఒకటి. ఒక్కోసారి రిపేరు చేయించినా, సెట్టింగు మారినా, పాత ఫోనే కొత్త నంబరుతో వచ్చి మళ్లీ అడుగుతుంది. మీవాళ్లదే అయితే సరే అని నొక్కెయ్యండి."

ఇంట్లో వాళ్లవి, పైవాటా వాళ్లవి, కెమెరా, అన్నిటికీ ఒప్పుకోలు ఇచ్చి వెళ్లాడు. చిట్టి కొత్తగా కొనుక్కున్న ఫోన్‌ని చిట్టి అని రాశాడు. ఆ రోజు నుంచి లాండ్రీ అక్క కళ్లలో వత్తులు వేసుకుని ఫోన్‌కి కాపలా కాసింది. పైవాటాకి చుట్టాలొస్తే వాళ్ల ఫోన్ అడిగేది. అక్క మేడ కిందనించి, "ఎవరిదమ్మా ఆ కొత్త ఫోను?" అని అరిచేది. ఓ సాయంత్రం అల్లుడి పేరే తెరమీద ప్రత్యక్షమైంది. వద్దు అన్న మాటని ఎంత గట్టిగా నొక్కిందంటే గోరు నొప్పి పుట్టింది. "వద్దురా నాయనా, వద్దు వద్దు" అని పైకే అంది.

చిట్టి కోలుకుంది. ముందు గేటు దాకా, తర్వాత మందుల షాపు దాకా, ఆ తర్వాత ల్యాబుకి. మళ్లీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. రోజుకో దారిన వెళ్లేది. వెళ్లేముందు కెమెరాలో రోడ్డు చూసుకునేది. గేటు తీస్తూ ఉంటే తల్లి వెనకనించి, "ఇవాళ ఏ దారిన?" అని అడిగేది. "పార్కు పక్కనించి" అనో, "పెద్ద రోడ్డున" అనో చెప్పి నవ్వేది. ఆ నవ్వు కోసం లాండ్రీ అక్క రోజూ అడిగేది.

ఇలా ఉండగా చిట్టి ఫోన్ కిందపడి అద్దం పగిలింది. రిపేరుకిచ్చి, ఓ సాయంత్రం ల్యాబునుంచి వస్తూ తెచ్చుకుంది. "బాగైందమ్మా" అని చూపించి, స్నానానికి వెళ్లింది. అక్క ముందుగదిలో ఇస్త్రీ చేస్తోంది. ఎవరిదో కోటు, మోచేతుల దగ్గర మడత పోక చంపుతోంది. బల్ల మీద ఫోన్ మోగింది.

చిట్టి ఫోన్ చేరాలనుకుంటోంది. రానివ్వాలా?

రిపేరు చేయిస్తే మళ్లీ అడుగుతుందన్నాడు కదా, అడుగుతోంది. చిట్టి పేరు కనబడగానే ఆవిడ మొహం విప్పారింది. "రా తల్లీ, నిన్ను కాదంటానా" అంది. ఒక చేత్తో ఇస్త్రీపెట్టె పట్టుకునే, రెండో చేతి వేలితో సరే అని నొక్కింది. కోటు మడత విడిపోయింది. ఆ సంగతి మళ్లీ తలుచుకోలేదు.

ఓ రోజు పొద్దున్నే వెళ్లిన చిట్టి పొద్దెక్కకుండానే తిరిగొచ్చింది. చెప్పులు విప్పలేదు. ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"వెనక బజార్లో ఉన్నాడమ్మా. ముందే వచ్చి నా కోసం నిలబడ్డాడు. 'వెనక బజారు నించి వస్తానన్నావుగా, అందుకే వచ్చా' అన్నాడు. నేను ఆ మాట నీతో తప్ప ఎవరితోనూ అనలేదు."

అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "నేనెవరికీ చెప్పలేదే! నీమీద ఒట్టు."

"నువ్వు చెప్పలేదు. గేటు దగ్గర అన్నాం. కెమెరాకి కనబడని చోట కూర్చుని అందులోంచే విన్నాడు." చిట్టి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నేను వెళ్లిపోతానమ్మా. ఎవరికీ తెలీని ఊరికి. నీకు కూడా చెప్పను. నాకు ఈ ఇల్లు కూడా వద్దు."

లాండ్రీ అక్కకి ఉన్నది ఒక్కగానొక్క బిడ్డ. అది తనకి కూడా చెప్పకుండా పోతానంటోంది. "ఎలా వింటాడే? నేను ఒక్కణ్ణీ రానివ్వలేదు. కావాలంటే నువ్వే చూడు" అని ఫోన్ దాని చేతిలో పెట్టింది.

చిట్టి చూసింది. చూస్తూ చూస్తూ ఆగింది.

"ఇదేంటమ్మా? చిట్టి అని ఒకటుంది. చిట్టి ఫోన్ అని ఇంకోటుంది."

"రెండూ నీవేగా. రిపేరు చేయించావు కదా, మళ్లీ అడిగింది. సరే అన్నాను."

"నాదేదీ మళ్లీ అడగలేదు. ఇంటికి రాగానే దానంతటదే కలిసింది."

చిట్టి తన ఫోన్‌ని బల్లమీద పెట్టి పూర్తిగా ఆపేసింది. ఇద్దరూ తల్లి ఫోన్ మీదికి వంగారు. కాసేపటికి చిట్టి అన్న పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోయింది. చిట్టి ఫోన్ పక్కన చుక్క అలాగే వెలుగుతోంది.

అప్పుడు తెలిసింది ఆవిడకి. షాపులో ఒక్క వేలితో తడుముకుంటూ తను పెట్టిన పేరు. ఆ ఇంట్లో వదిలేసి వచ్చిన ఫోన్. గుడ్డ చేతులు మారినా గుర్తు పోదని, గుర్తు చూసి మనిషిని నమ్మకూడదని, ఇన్నేళ్లుగా అందరికీ క్లాసులు పీకింది తనే! బావమరిది చొక్కా గురించి మందుల షాపాయన్ని ఆడిపోసుకుంది తనే! చేతిలోకి తీసుకుని చూడకుండా, పేరు చూసి మురిసిపోయి, తన చేత్తో తనే అతన్ని లోపలికి రానిచ్చింది.

చుక్క ఇంకా వెలుగుతూనే ఉంది. అంటే ఇప్పుడు, ఈ నిమిషాన, ఉన్నాడు. ఇద్దరూ తలెత్తి గేటువైపు చూశారు. రోడ్డవతల, మందుల షాపు పక్కన, బండి.

లాండ్రీ అక్క ఇస్త్రీపెట్టె స్విచ్చి తీసింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. గేటు తీసుకుని రోడ్డు దాటింది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఏంటత్తయ్యా, ఎండలో వచ్చారు?"

"ఆ ఫోన్ ఇటివ్వు."

"ఏ ఫోను?"

"నేను కొన్నది. నా బిడ్డకి కొన్నది."

అతను నవ్వాడు. "పెళ్లాం ఫోన్ మొగుడి దగ్గరుంటే తప్పేంటత్తయ్యా? అయినా నేను మీ ఇంట్లోకి వచ్చానా? రోడ్డుమీదున్నాను. పోలీసులు కూడా అదే చెప్పారు."

"వచ్చావు" అంది ఆవిడ. "ఇన్నాళ్లూ నా ఇంట్లోనే ఉన్నావు. నేనే రానిచ్చాను, తప్పు నాదే. ఇప్పుడు నేనే పొమ్మంటున్నాను. ఫోన్ ఇచ్చి పో."

చెయ్యి చాపి నిలబడింది. ఎప్పుడూ వీధంతా వినబడేలా అరిచే మనిషి ఇంత మెల్లగా మాట్లాడుతోందేమిటా అని షాపుల్లోంచి జనం బయటికొచ్చారు. మందుల షాపాయన మెట్లు దిగి వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. "ఆవిడ వస్తువు ఆవిడకిచ్చెయ్ బాబూ" అన్నాడు. ఇంకెవరో, "ఇచ్చెయ్యవయ్యా" అన్నారు. అతను చుట్టూ చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి ఆవిడ చేతిలో గిరాటేసినట్టు పడేశాడు.

"లోకంలో ఇదొక్కటే ఫోన్ అనుకుంటున్నారా?" అని బండెక్కి పోయాడు.

ఆ మాట ఆవిడ వెనకాలే ఇంట్లోకి వచ్చింది. ఫోన్ తెచ్చి బల్లమీద పెట్టి, తెచ్చానే అన్నట్టు చిట్టివైపు చూసింది. చిట్టి ఫోన్ వంక కన్నెత్తి చూడలేదు.

"నన్ను ఒక్క మాట అడగలేదేమ్మా?"

"నీ పేరు కనబడితే..."

"స్నానాల గదిలో ఉన్నాను. ఒక్క కేక వేస్తే వినబడేది." చిట్టి కళ్లు తుడుచుకుంది. "అప్పుడూ అంతే. బ్యాగు సర్దావు గానీ నన్ను అడగలేదు."

అక్షరాలా నిజం. ఇన్నాళ్లూ కూతురు ఆ మాట కడుపులోనే పెట్టుకుంది. ఆవిడ బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత నెట్ తమ్ముడికి కబురు పెట్టింది.

"అందర్నీ తీసెయ్" అంది అతనితో. "ఒక్కటి కూడా మిగలకూడదు. ఇక నుంచి అడిగేది దాని ఫోన్లో అడగాలి. ఎవరు రావాలో అదే చెబుతుంది. పాత ఫోన్లో ఉన్నదంతా తుడిచి పారెయ్. ఆ పేరు కూడా."

"మీ ఫోన్ ఉంచనా అక్కా?"

"అందర్నీ అన్నానా? నేనూ అందరిలోకే వస్తాను."

తీసేశాడు. చిట్టి కెమెరాకి ఒప్పుకుంది. పైవాటా ఆవిడ ఫోన్ పట్టుకుని కిందికి దిగొస్తే, చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు ఒప్పుకుంది. తల్లి ఫోన్ కూడా అడిగింది. అడిగినట్టు చిట్టికి తెలుసు, చిట్టికి తెలిసినట్టు తల్లికి తెలుసు. చిట్టి సరే అనలేదు, వద్దు అనలేదు. ఆ వారమంతా లాండ్రీ అక్క మందుల షాపు మెట్ల మీద నిలబడి, ఆయన వైఫైలో తన మెసేజీలు చూసుకుంది. "మీ ఇంట్లో ఏమైందక్కా?" అంటే, "మా ఇంట్లో బాగానే ఉంది, బాలేనిది నేను" అంది. కూతురితో ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు ఆవిడ. ఎత్తే హక్కు తనకి లేదనుకుంది. చిట్టి ఊరు వెళ్లే మాట మళ్లీ అనలేదు గానీ, వెళ్లనని కూడా అనలేదు. ల్యాబుకి వెళ్లలేదు. లోపలి గదిలో బట్టల బ్యాగొకటి తెరిచి ఉంది. అటు వెళ్లినప్పుడల్లా ఆవిడ ప్రాణం ఆ బ్యాగు మీదే.

ఓ ఉదయం చిట్టి తయారై ముందుగదిలోకి వచ్చింది. నీలంరంగు బట్టలే వేసుకుంది. భుజాన ల్యాబుకి తీసుకెళ్లే చిన్న సంచి. తల్లి కాలర్లకి గుర్తులేస్తోంది. చిట్టి చెయ్యి చాపింది.

"నీ ఫోన్ ఇటివ్వు."

అక్క సిరా అంటిన వేళ్లు తుడుచుకుని ఇచ్చింది. చిట్టి దాన్ని అరచేతిలో పెట్టుకుని, తిప్పి, వెనకవైపు పగిలిన మూలని వేలితో రాసి చూసింది. తన ఫోన్ తీసి నొక్కింది.

"ఇక నుంచి ఏదైనా నన్నడుగు."

"అడుగుతాను. ఒట్టు."

చిట్టి కెమెరాలో రోడ్డు చూసుకుని గేటు దాకా వెళ్లింది. లాండ్రీ అక్క అలవాటు కొద్దీ వెనకాలే వెళ్లి, ఏ దారిన అని అడగబోయి, పైనున్న కెమెరా వంక చూసి నాలుక కరుచుకుంది. గేటు రెక్క పట్టుకుని ఊరికే నిలబడింది. అడగకపోతే ఇక ఎప్పటికీ తెలియదేమోనని భయం వేసింది, అయినా అడగలేదు.

చిట్టి నాలుగడుగులు వేసింది. ఆగింది. వెనక్కి వచ్చి, తల్లి మెడ చుట్టూ చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, ఆ రోజు ఏ దారిన వెళ్తోందో చెప్పింది.